తాళం వేసిన ఇళ్లకు పోలీసు నిఘా: ముందస్తు సమాచారమే కీలకం

పులివెందుల: తాళం వేసిన ఇళ్లలో చోరీల నివారణ నిమిత్తం ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ 2010వ దశకంలో లాక్డ్ హౌస్ మానిటరింగ్ సిస్టమ్‌ను ప్రవేశపెట్టింది. వై.ఎస్.ఆర్. కడప జిల్లాలోని పులివెందుల వంటి పట్టణాల నివాస ప్రాంతాలకు ఇది ఉపయుక్తమైన విధానం.

గృహస్థులు మొబైల్ యాప్‌లో పేరు, చిరునామా నమోదు చేసుకొని, ఊరు వెళ్లే ముందు నిఘా కోరాలి. పోలీసు సిబ్బంది ఇంట్లో కదలికలను పసిగట్టే కెమెరాను ఉచితంగా అమరుస్తారు. ఎవరైనా లోపలికి ప్రవేశిస్తే కంట్రోల్ రూముకు హెచ్చరిక అందుతుంది. సమీపంలోని గస్తీ సిబ్బందిని వెంటనే పంపుతారు. యజమాని తిరిగివచ్చిన పిదప కెమెరాను తొలగిస్తారు.

అయితే కోరని ఇంటికి ఈ రక్షణ లభించదు. తీర్థయాత్రలకు, శుభకార్యాలకు వెళ్లే కుటుంబాలు ఆ సంగతిని గోప్యంగా ఉంచడం పరిపాటి. కానీ ముగ్గు లేని వాకిలి, గుమ్మం ముందు పడి ఉన్న దినపత్రికలు, పగలు సైతం వెలిగే వాకిటి దీపం ఇల్లు ఖాళీ అని దొంగలకు చెప్పకనే చెబుతాయి. తెలియవలసిన పోలీసులకు మాత్రమే ఆ విషయం తెలియకుండా పోతుంది.

2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 305వ సెక్షను ప్రకారం నివాసగృహంలో దొంగతనానికి ఏడేళ్ల వరకు జైలుశిక్ష, జరిమానా విధించవచ్చు. శిక్ష పడినంత మాత్రాన కరిగించిన బంగారం తిరిగి రాదు. కనుక ఆభరణాలను బ్యాంకు లాకరులో భద్రపరచడం, పొరుగువారికి ఇల్లు అప్పగించి వెళ్లడం, అనుమానితుల సమాచారాన్ని 112 నంబరుకు తెలియజేయడం శ్రేయస్కరం.