కృతులను పంచిన సచివాలయోద్యోగి

దినమెల్ల కార్యాలయములలో కాగితములతో కాలము గడపువారికి సంగీతమునం దభిరుచి యుండుట వింత గాదు. మన సంఘమున పాడువారు, వీణ వాయించువారు, విని తలయూపువారు కొల్లలుగా నున్నారు. కాని కార్యాలయమున నలవడిన వ్రాతపనినే సంగీతమునకు వినియోగించి, తాను ప్రేమించిన కృతులు లోకమున కెల్ల నందవలెనని కష్టపడిన ఉద్యోగి యొకడు పందొమ్మిదవ శతాబ్దాంతమున మదరాసులో నుండెను. ఆయన పేరు ఏ.ఎం. చిన్నస్వామి మొదలియారు. మదరాసు సచివాలయమున సూపరింటెండెంటు, ఎం.ఏ. పట్టము పొందిన విద్యావంతుడు; మతముచే క్రైస్తవుడు; తమిళ దేశీయుడు. ఆయన ప్రేమించి సేకరించిన పాటలలో అధికభాగము తెలుగు పాటలు. అట్టివాని చరిత్ర తెలుగు కుటుంబములలో వినబడుట అరుదు.

ఆయన పూనిన కార్యమెట్టిదో తెలియవలెనన్న ఆనాటి స్థితిని కొంచెము చూడవలెను. త్యాగరాజస్వామి 1847 జనవరి 6వ తేదీన తిరువయ్యారులో సిద్ధిపొందిరి. వారు పాడిరి, శిష్యులు విని నేర్చిరి, కొందరు వ్రాసికొనిరి. తిల్లైస్థానము, ఉమయాళ్పురము, వాలాజాపేట అను ఊళ్ల పేరులతో మూడు శిష్యపరంపరలు ప్రసిద్ధి కెక్కినవి. వాలాజాపేట వేంకటరమణ భాగవతారు సౌరాష్ట్ర కుటుంబీకుడు. ఆయనయు, ఆయన కుమారుడు కృష్ణస్వామి భాగవతారును భద్రపరచిన వ్రాతప్రతులు తరువాతి కాలమున మధురలోని సౌరాష్ట్ర సభకు చేరినవి. ఒక పరంపరకు వచ్చిన కృతి వేరొక పరంపరకు రాకపోవుటయు, వచ్చినను సంగతులు మారుటయు సామాన్యముగా జరిగెడిది. అపూర్వమైన కృతిని గురువు తనకు మెచ్చుగల శిష్యునికే చెప్పెడివాడు. పాట పాడి పొట్టపోసికొనువానికి అపూర్వకృతి పిత్రార్జితమైన మాగాణి వంటిది. దానిని అడిగినవారి కెల్ల పంచియిచ్చుటకు మనసొప్పలేదన్న వారిని నిందింప బనిలేదు. అయినను సంతానమో శిష్యులో లేని విద్వాంసుడు పోయిననాడు ఆయనతో పాటు కొన్ని పాటలును పోయినవి. త్యాగరాజస్వామి కృతులు నేడు లభించునవి సుమారు 700 మాత్రమే. వారు రచించినదని చెప్పబడు సీతారామవిజయమను యక్షగానము సమగ్రముగా దొరకుట లేదు.

మొదలియారుగారికి పాశ్చాత్య సంగీతమునందును మంచి ప్రవేశము కలదు. ఐరోపా దేశములలో ఒకడు రచించిన సంగీతమును, రచయిత ముఖమెన్నడును చూడనివారు, నూరేండ్ల పిమ్మట కాగితము చూచి వాయింపగలుగుట ఆయనను ఆకర్షించినది. మన కృతులను గూడ ఆ అయిదుగీతల లిపిలో వ్రాసినచో తంజావూరు పాట లండను నగరమునను వినబడునని ఆయన తలంచెను. వాలాజాపేట కృష్ణస్వామి భాగవతారు మొదలగు విద్వాంసులను ఆశ్రయించి, వారు పాడగా విని, స్వరస్వరము పరీక్షించి వ్రాసికొనెను. ఆ పరిశ్రమఫలమే 1893లో వెలువడిన ‘ఓరియంటల్ మ్యూజిక్ ఇన్ యూరోపియన్ నొటేషన్’ అను గ్రంథము. ఇందుకు ఆయన తన సొంత ధనమునే వెచ్చించెను. కొనువారు మిక్కిలి తక్కువ. ఆ లిపి తెలిసినవారికి మన సంగీతము పట్టదు. మన సంగీతము తెలిసినవారికి ఆ లిపి రాదు.

ఇక్కడ వేరొక చిక్కును కలదు. ఆ లిపిలో స్వరమొక చుక్క. గీతపై తన చోట కదలక కూర్చుండును. మన తోడి రాగములోని గాంధార మట్లు కూర్చుండునా? అది ఊగుచుండును, ఆ ఊగుటయే దాని ప్రాణము. ఊపు తీసివేసినచో మిగిలినది స్వరమే గాని తోడి గాదు. గమకమును వ్రాయు ఉపాయము మన విద్వాంసులే కనిపెట్టవలసియుండెను.

అట్టి విద్వాంసుడు తిరునెల్వేలి ప్రాంతమున ఎట్టయాపురము సంస్థానములో నుండెను. ఆయనయే సుబ్బరామ దీక్షితులు (1839–1906). ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడైన బాలుస్వామి దీక్షితులకు దౌహిత్రుడు, దత్తపుత్రుడు. ముత్తుస్వామి దీక్షితులు 1835లో ఈ ఎట్టయాపురముననే దేహము చాలించిరి. (మహాకవి సుబ్రహ్మణ్య భారతి 1882లో జన్మించినదియు ఈ ఊరనే.) దీక్షిత కుటుంబపు కృతులు, వేంకటమఖి సంప్రదాయపు లక్షణములు, గీతములు, తానములు ఆయన ఇంట పెట్టెలలో నుండెను. వానిని అచ్చువేయింపుడని మొదలియారు కోరగా వృద్ధుడు సంకోచించెను. మూడు తరముల సొత్తు గదా! మొదలియారు విడువలేదు. 1899లో సంస్థానాధీశుని పట్టాభిషేక సందర్భమున ఎట్టయాపురమునకు స్వయముగా పోయి ప్రభువునే అర్థించెను. ప్రభువు సమ్మతించి దీక్షితులను ఆజ్ఞాపించెను. పై యధికారి ద్వారా పని సాధించుకొను విద్య సచివాలయోద్యోగికి చెప్పవలెనా!

దీక్షితులు పూనుకొన్న పిదప చేతి కెముక లేనట్లు ఇచ్చెను. 72 మేళములు, వాని జన్యరాగములు, ఒక్కొక్క రాగమునకు లక్షణము, గీతము, తానము, కృతులు, సంచారి, ముత్తుస్వామి దీక్షితుల కృతులే రెండువందలకు పైగా, వాగ్గేయకారుల చరిత్రములు. కంపితము, స్ఫురితము, నొక్కు, జారు మొదలగు గమకములకు వేరువేరు గుర్తు లేర్పరచి, వీణపై వ్రేలు ఎట్లు పోవలెనో వివరించి, ప్రతి స్వరముపైని ఆ గుర్తులను వేయించెను. ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ యను ఆ మహాగ్రంథము 1904లో ఎట్టయాపురమున విద్యావిలాసినీ ముద్రాక్షరశాలలో అచ్చయ్యెను. పుటలు పదునేడువందలకు మించినవి. చూచి సంతోషించుటకు మొదలియారు లేడు. గ్రంథము వెలువడకముందే ఆయన కాలధర్మము నొందెను.

పాఠకులు గమనింపవలసిన విశేష మొకటి. తమిళనాటి కొసన, సంస్థానప్రభువు పోషణలో అచ్చయిన ఆ గ్రంథము తెలుగు లిపిలో, తెలుగు భాషలో నున్నది. నాయకరాజుల కాలమునుండి మహారాష్ట్ర ప్రభువుల కాలమువరకు తంజావూరులో పాటకు తెలుగే భాషయై యుండుట దీనికి మూలము; సంగీతము నేర్చువాడు తెలుగు చదువగలవాడై యుండవలె ననుట దీక్షితుల కాలమునకును చెల్లినది. పిమ్మట చెల్లలేదు. తమిళ లిపిలో క, ఖ, గ, ఘ లకు ఒకే అక్షరము. అందుచే అక్కడి సంగీత పుస్తకములలో అక్షరముపై 2, 3, 4 అంకెలు వేసి భేదమును చూపుదురు. తెలుగు రానివారు ఇంత శ్రమపడి మన మాటను నిలుపుకొనుచుండగా, కచ్చేరీలో ఒక ఒత్తక్షరము తప్పినంతనే మనము పెదవి విరుచుట న్యాయముగా తోచదు.

పుస్తకముతో పనిలేక, నోటినుండి చెవికి వచ్చిన దారి వేరొకటి కలదు. త్యాగరాజశిష్యుడైన మానంబుచావడి వేంకటసుబ్బయ్యగారి యొద్ద మహావైద్యనాథయ్యరు, పట్ణం సుబ్రహ్మణ్యయ్యరు వంటి తమిళనాటి ఉద్దండులు చదివిరి. ఆ గురువునే ఆశ్రయించి కృష్ణాతీరపు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రిగారు (1860–1917) త్యాగరాజ సంప్రదాయమును తెలుగుదేశమునకు తెచ్చిరి. రాకపోకల వసతులు నేటివలె లేని రోజులలో ఒక పాటకొరకు కావేరికి పోయి, నేర్చి, మరల వచ్చి ఊరివారికి చెప్పుట సామాన్యము గాదు. వారి శిష్యులు పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారు. పంతులుగారి శిష్యులు మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు (1930–2016). సంసారపు బరువుచేతనో సంగీతమును చిన్ననాట విడిచిన మనవంటివారు సయితము, 1948లో వెలసిన విజయవాడ ఆకాశవాణి కేంద్రము ద్వారా బాలమురళి కంఠమున ఆ పాటలను వినగలిగిరి. సినిమా సంగీతదర్శకులు సుసర్ల దక్షిణామూర్తిగారు (1921–2012) ఆ శాస్త్రిగారి మనుమలే యన్న సంగతి మన పిల్లలకు చెప్పినచో పాత సినిమా పాటను వేరొక చెవితో విందురు.

సంప్రదాయ ప్రదర్శినిని మదరాసు సంగీత విద్వత్సభవారు 1961 నుండి తమిళ లిపిలో సంపుటములుగా ప్రకటించిరి. తెలుగులో దానిని మరల అచ్చువేయించినవారు ఆంధ్రప్రదేశ్ సంగీత నాటక అకాడమీవారు. అది 1973వ సంవత్సరము. తెలుగున పుట్టిన గ్రంథము తెలుగు ముద్రాయంత్రమును రెండవమారు చూచుటకు 69 యేండ్లు పట్టినది.