సూర్యుడి రాత్రి ప్రయాణం

పొద్దుగూకాక సూర్యుడు ఎక్కడికి పోతాడో ప్రాచీన ఈజిప్టు పూజారులు గంటగంటకూ లెక్క రాసి పెట్టారు. ఆ లెక్కే ‘అమ్‌దువాత్’. రాజుల లోయలో 1898లో విక్టర్ లోరే వెలికితీసిన మూడో థట్‌మోస్ సమాధిలో ఇది పూర్తిగా కనిపిస్తుంది. ఆ ఫారో చనిపోయింది క్రీ.పూ. 1425 ప్రాంతంలో. సమాధి గది గోడలు మూలలు లేకుండా గుండ్రంగా తిరుగుతాయి. వాటి మీది సన్నగీతల బొమ్మలు పపైరస్ చుట్టను విప్పి పరిచినట్టుంటాయి.

రాత్రికి పన్నెండు గంటలు, గంటకో లోకం. సూర్యదేవుడు రా పొట్టేలు తలతో పడవెక్కి దిగుతాడు. మొదట నీళ్లు, పంటపొలాలు. నాలుగో గంటకు అంతా ఇసుకే. అక్కడ పడవను తాళ్లతో లాగాలి. జారడానికి వీలుగా పడవే పామవుతుంది. నడిరాత్రి, ఆరో గంటలో, అసలు ఘట్టం వస్తుంది. రా తన శవాన్నే చేరుకుంటాడు. మృతుల రాజు ఒసైరిస్ కూడా ఆ శవమే. ప్రాణం, దేహం ఒకటై వెలుగు మళ్లీ రాజుకుంటుంది. కటిక చీకట్లో తప్ప ఆ పని జరగదు.

అందుకే ఈ కథలో శత్రువు చీకటి కాదు, అపోఫిస్ అనే పాము. ఏడో గంటలో అది నీళ్లన్నీ మింగేసి పడవను ఆపబోతుంది. దేవత ఐసిస్ మంత్రాలు దాన్ని అణచివేస్తాయి. ఆఖరి గంటలో మరో మహాసర్పం ఎదురవుతుంది. దాని తోకలోంచి ముసలివాళ్లుగా దూరినవారంతా నోటిలోంచి పసివారై వస్తారు. రా పేడపురుగు రూపంలో, ఖెప్రిగా తూర్పున తేలతాడు. తిరిగి తిరిగి వచ్చే కాలానికి ‘నెహెహ్’ అనీ, మార్పు లేక నిలిచే కాలానికి ‘జెత్’ అనీ ఈజిప్టువాళ్లు పేర్లు పెట్టుకున్నారు. మొదటిది రాది, రెండోది ఒసైరిస్‌ది.

తిరిగి తిరిగి వచ్చే కాలానికి మరో గుర్తు తన తోకను తానే కరిచిన పాము. అలాంటి బొమ్మల్లో మనకు తెలిసిన తొలిది క్రీ.పూ. 14వ శతాబ్దపు ఫారో టుటంఖామున్ సమాధిలోని బంగారు మందసం మీద ఉంది. ఆ సమాధి 1922లో బయటపడింది. గ్రీకు రసవాదులు ఈ పామును ‘ఉరోబొరోస్’ అన్నారు. వెనిస్ గ్రంథాలయంలోని ఒక రసవాద ప్రతిలో దాని ఒళ్లు సగం నలుపు, సగం తెలుపు. చూడముచ్చటగా ఉన్నా, అందులో అమ్‌దువాత్‌లోని శ్రమ లేదు. అక్కడ తెల్లవారడం తనంతట తాను జరిగేది కాదు. ప్రతి రాత్రీ దేవతలంతా కలిసి లాగాల్సిన పడవ అది.