ఆగుస్టెన్‌బోర్గ్ వాన నీటి వ్యవస్థ

ఆగుస్టెన్‌బోర్గ్ స్వీడన్ దక్షిణ కొసన, మాల్మో నగరంలో ఉన్న ఒక నివాస పేట. వైశాల్యం సుమారు 32 హెక్టార్లు, జనాభా సుమారు 3,000. ఇక్కడ వాన నీటిని భూగర్భ పైపుల్లోకి దించకుండా కాలువలు, కుంటలు, పచ్చని పైకప్పుల సాయంతో నేల మీదే నడిపిస్తారు. నది పొంగకపోయినా కుండపోత వానకే వీధులు, సెల్లార్లు మునిగిపోవడాన్ని ఉపరితల వరద అంటారు. దాన్ని హరిత మౌలిక వసతులు ఎంతవరకు ఆపగలవు? ఈ ప్రశ్నకు కంప్యూటర్ లెక్కలతోనే కాక, నిజంగా కురిసిన వానతోనూ జవాబు దొరికిన కొద్ది చోట్లలో ఇది ఒకటి.

ఈ పేటను 1948-52 మధ్య మాల్మో పురపాలక గృహసంస్థ ఎంకెబి కట్టించింది. ఆ రోజుల్లో ఇది ఆదర్శ కాలనీ. 1970ల తర్వాత పరిస్థితి దిగజారింది. ఉపాధి తగ్గింది, ఇళ్లు పాతబడ్డాయి, ఖాళీ అయిన వాటాల్లోకి కొత్తవారు రావడం కష్టమైంది. దీనికి తోడు సెల్లార్ల బెడద. మురుగు, వాన నీరు ఒకే పైపులో పోయే ఉమ్మడి వ్యవస్థ కావడంతో, గట్టి వాన పడితే పైపు నిండి, లోపలి నీరు వెనక్కి తన్ని ఇళ్ల అడుగు గదుల్లోకి ఎక్కేది. ఆకాశం నుంచి పడిన నీరు గుమ్మం దాటి రాలేదు, మురుగు గొట్టం గుండా వచ్చింది. ఈ పేట కథంతా ఈ ఒక్క విషయం చుట్టూ తిరుగుతుంది.

1998లో నగరపాలక సంస్థ, ఎంకెబి కలిసి ‘ఎకోస్టాడెన్’ (పర్యావరణ నగరం) పేరుతో పునరుద్ధరణ మొదలుపెట్టాయి. మాల్మోలో జల విభాగపు ఇంజనీరు పీటర్ స్టార్ అప్పటికే నేల మీది డ్రైనేజీని గట్టిగా సమర్థిస్తున్నారు. 2008లో ఆ అనుభవాలను పుస్తకంగానూ తెచ్చారు. ఆగుస్టెన్‌బోర్గ్‌లో పెద్ద పైపులు వేయడానికి బదులు, ఇళ్ల కప్పుల నుంచి దిగే గొట్టాలను మురుగు పైపు నుంచి తెంచి పెరటి కాలువల్లోకి మళ్లించారు. సుమారు 6 కిలోమీటర్ల కాలువలు, పది కుంటలు వచ్చాయి. ఒక కుంట నిండితే నీరు తర్వాతి దానికి పోతుంది. మన గొలుసుకట్టు చెరువుల అలుగు తెలిసినవారికి ఇందులో వింత ఏమీ కనిపించదు.

పని సాఫీగా సాగలేదు. కుంటల దగ్గర పిల్లలకు ప్రమాదమని, ఆట స్థలం పోతుందని కొందరు అభ్యంతరపెట్టారు. అందుకే కొన్ని చోట్ల కుంటకు బదులు, మామూలు రోజుల్లో పొడిగా ఉండి వాన రోజున మాత్రమే నిండే గడ్డి పల్లాలు చేశారు. బడి ఆవరణలోని మెట్ల వేదిక కూడా అలాంటిదే.

పైకప్పుల సంగతి వేరు. 2001లో ఇక్కడ సుమారు 9,500 చదరపు మీటర్ల పైకప్పు ఉద్యానం తెరిచారు. పలచని మట్టిలో సెడమ్ మొక్కలు పెంచిన కప్పుల మీద జరిపిన కొలతల్లో, ఏడాది వానలో దాదాపు సగం అక్కడే ఆగి ఆవిరవుతోందని తేలింది. కానీ ఏడాది లెక్క వేరు, ఒక్క రాత్రి లెక్క వేరు. మట్టి ఒకసారి తడిసి ముద్దయ్యాక ఆ కప్పు మామూలు కప్పుతో సమానమే. హరిత పైకప్పుల ప్రచారంలో ఈ తేడా తరచూ మరుగున పడుతుంది.

అసలు పరీక్ష 2014 ఆగస్టు 31న వచ్చింది. కొద్ది గంటల్లోనే 100 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన కురిసి మాల్మో జలమయమైంది. మూడేళ్ల కిందటే, 2011 జులై 2న, జలసంధికి ఆవలి ఒడ్డున ఉన్న కోపెన్‌హాగెన్‌కు ఇదే గతి పట్టింది. ఆగుస్టెన్‌బోర్గ్ కాలువలు ఇంత వాన కోసం కట్టినవి కావు.

పక్కనే ఉన్న లుండ్ విశ్వవిద్యాలయంలో ఆ వాన డాక్టరేట్ పరిశోధనకు ముడిసరుకైంది. జొహానా సోరెన్‌సెన్ 2018లో సమర్పించిన సిద్ధాంత గ్రంథం నగర ఉపరితల వరదల మీదే. ఆమె, సహ పరిశోధకులు ఎంచుకున్న ఆధారం కాస్త అసాధారణం: బీమా క్లెయిములు. ఏ ఇల్లు మునిగిందో నీటిమట్టం కొలిచే యంత్రం చెప్పలేదు, నష్టపరిహారం కోరిన కాగితం చెబుతుంది. ఉమ్మడి పైపులున్న ప్రాంతాలే ఎక్కువ దెబ్బతిన్నాయని ఆ లెక్కలు చూపాయి. 2019లో వెలువడిన విశ్లేషణలో, అలాంటి పొరుగు పేటలతో పోలిస్తే ఆగుస్టెన్‌బోర్గ్‌లో మునక పదో వంతే. లుండ్‌లోనే సాగిన మరో డాక్టరేట్ పరిశోధన నమూనా లెక్కలతో ఇదే పేటను చూసింది. ఇక్కడ తెంచిన గొట్టాల వల్ల చుట్టుపక్కల ఉమ్మడి పైపుల మీది భారం కూడా తగ్గిందని అందులో కనిపించింది.

అయితే బీమా లెక్కకు ఒక పరిమితి ఉంది. క్లెయిము పెట్టని నష్టం అందులో కనిపించదు. పైగా ఈ పేటలో గడ్డి, కుంట, పైకప్పు, తెంచిన గొట్టం అన్నీ కలిసే పనిచేశాయి. దేని వాటా ఎంతో విడదీయడం కష్టం. సెల్లార్ల మునక మురుగు పైపు గుండా వచ్చే చోట మాత్రం, మొక్కల కన్నా ముందు చెప్పుకోవలసింది ఆ గొట్టం తెంచడమే.

2010లో ఈ పునరుద్ధరణకు ప్రపంచ ఆవాస పురస్కారం దక్కింది, పెద్ద వానకు నాలుగేళ్ల ముందే.