రైసూత్ పెట్టెలు, సాఫ్ట్‌వేర్ పెట్టెలు

ఎపిసోడ్ వినడానికి టైం దొరకని వాళ్ళ కోసం అదే విషయం ఇక్కడ రాస్తున్నా.

రైసూత్‌లో ఉండే మనకి కంటైనర్ అంటే ఏంటో ఒకరు చెప్పక్కర్లేదు. సలాలా పోర్టు మన పక్కనే. ఇక్కడ కంటైనర్ టెర్మినల్ 1998లో మొదలైంది. అసలు ఈ పద్ధతికి దారి చూపింది అమెరికాలో లారీల వ్యాపారి మాల్కం మెక్లీన్. 1956 ఏప్రిల్ 26న ఆయన ‘ఐడియల్ ఎక్స్’ అనే ఓడ మీద 58 పెట్టెలు నెవార్క్ నుంచి హ్యూస్టన్‌కి పంపాడు. అంతకుముందు ఓడ సరుకు చాలావరకు మూట మూటగా కూలీలు ఎక్కించి దించేవాళ్ళు. పెట్టె కొలత ఒకటే అయ్యాక, లోపల ఏముందో క్రేన్‌కి అక్కర్లేకుండా పోయింది.

సాఫ్ట్‌వేర్ వాళ్ళు తీసుకున్నది ఈ ఆలోచనే. 1979లో యూనిక్స్‌లో ‘సీహెచ్‌రూట్’ వచ్చింది. ప్రోగ్రామ్‌కి ఒక ఫోల్డర్ చూపించి, నీ లోకమంతా ఇదే అని చెప్పడం అన్నమాట. 2000లో ఫ్రీబీఎస్‌డీ ‘జైల్స్’ వచ్చాయి. 2008లో లినక్స్‌లో, ఎవరికెంత మెమరీ, ఎంత ప్రాసెసర్ అని వాటా వేసే ‘సీగ్రూప్స్’ చేరింది. 2013 మార్చిలో సాలమన్ హైక్స్ ‘డాకర్’ని బయట చూపించాడు. దాని గుర్తు కూడా వీపు మీద కంటైనర్లు మోసే తిమింగలమే.

ఇందులో మన జీతానికి తగిలే సంగతి ఒకటుంది. డాకర్‌లో ‘ఇమేజ్’ అంటే డ్రాయింగ్ లాంటిది, కంటైనర్ అంటే దాన్ని బట్టి కట్టిన గది. నడుస్తున్న కంటైనర్ లోపలికెళ్ళి సెట్టింగ్ ఫైల్ మార్చొచ్చు. ఆపి మళ్ళీ స్టార్ట్ చేసినా ఆ మార్పు ఉంటుంది. కానీ అప్‌డేట్ అంటే పాత కంటైనర్ తీసేసి, కొత్త ఇమేజ్ నుంచి ఇంకోటి కట్టడం. పాతదాంతో పాటే మార్పూ పోతుంది. డ్రాయింగ్ మార్చకుండా సైట్‌లో గోడ జరిపితే, రెండో బిల్డింగ్‌లో గోడ పాత చోటే లేస్తుంది కదా!

నాకు తెలిసిన ఒక సైట్‌లో హాజరు సాఫ్ట్‌వేర్‌కి ఇదే జరిగింది. కంటైనర్లో గడియారం మామూలుగా యూటీసీ టైంలో ఉంటుంది. ఒమన్ దానికంటే 4 గంటలు ముందు. ఎవరో లోపలే ఆ సెట్టింగ్ సరిచేశారు. అప్‌డేట్ రాగానే అది పోయింది. రాత్రి 10కి ఎక్కి పొద్దున 6కి దిగినవాడి డ్యూటీ, సాయంత్రం 6 నుంచి రాత్రి 2 దాకా చేసినట్టు పడింది. గంటలు అవే, రాత్రి పని లెక్క మాత్రం తగ్గింది. ఒక కుర్రాడు రోజూ నోట్‌బుక్‌లో టైం రాసుకున్నాడు కాబట్టి తేడా బయటపడింది, డబ్బులు తిరిగొచ్చాయి.

సరైన పద్ధతి ఏంటంటే, సెట్టింగ్ ఫైల్‌ని కంటైనర్ బయట ఉంచి ‘వాల్యూమ్’ లాగా లోపలికి తగిలించాలి. లేదా ఇమేజే మార్చి కొత్తగా కట్టాలి. క్యాంపులో గది మారినా మన ట్రంకుపెట్టె మనతో వస్తుంది చూడండి, వాల్యూమ్ అలాంటిది.

సాయంత్రాలు ఫోన్లో కంప్యూటర్ కోర్సులు చేస్తున్న తమ్ముళ్ళు ఈ ఒక్క విషయం గట్టిగా పట్టుకోండి. మిగతావాళ్ళు డ్యూటీ టైం ఒక చిన్న నోట్‌బుక్‌లో రాసుకోండి. దాన్ని ఏ అప్‌డేటూ చెరపలేదు.