ఒకే చోటు, ఒకే రోజు: ఫ్రెంచ్ నియమబద్ధ నాటకం

17వ శతాబ్దపు ఫ్రాన్సులో నాటకానికి రాజాదరణతో పాటు రాజ్యపు అజమాయిషీ కూడా దక్కింది. మంత్రి రిషెల్యూ చొరవతో 1635లో ఏర్పడిన ఫ్రెంచ్ అకాడమీ, 1637లో కోర్నెయ్ ‘ల సిద్’ నాటకంపై విచారణకు కూర్చుని, తండ్రిని చంపినవాణ్ని కథానాయిక వరించడం ఔచిత్యభంగమనీ, ఒక్క రోజులో అన్ని సంఘటనలు జరగడం నమ్మశక్యం కాదనీ తప్పుపట్టింది. జనం ఆ నాటకానికి బ్రహ్మరథం పట్టినా, తరువాతి నాటకకర్తలు అకాడమీ మాటకే తలవంచారు. కథ ఒక్కటే కావాలని, అది ఒకే చోట, ఒక పగలూ రాత్రీ దాటకుండా ముగియాలని కోరే ఐక్యత్రయం అలా స్థిరపడింది. దానికి తోడు 12 అక్షరాల పాదాలు రెండేసి అంత్యప్రాసతో సాగే ఛందస్సు, రక్తపాతాన్ని ప్రేక్షకుల ఎదుట చూపరాదన్న మర్యాద వచ్చి చేరాయి. మరణాన్ని, యుద్ధాన్ని రంగం మీదికి తేవద్దన్న సంస్కృత లాక్షణికులకు ఈ చివరి నియమం కొత్తగా తోచేది కాదు.

ఈ సూత్రాలన్నీ అరిస్టాటిల్ పేరు మీద చెలామణి అయినా, ఆయన గట్టిగా చెప్పింది కథైక్యం గురించే. పండితులు అంతగా పట్టించుకోని మరో ఆధారం రంగస్థలంలోనే ఉంది. ఎక్కువ సొమ్ము చెల్లించిన ప్రేక్షకులు వేదిక మీదే రెండు పక్కలా బల్లలు వేయించుకుని కూర్చునేవారు గనుక నటులకు మిగిలేది ఇరుకైన జాగా. అందులో సేనలు కదలడం, దృశ్యాలు మారడం కుదరని పని కాబట్టి నాటకభారమంతా మాట మీదనే పడింది.

ఆ ఇరుకునే బలంగా మలుచుకున్నవాడు రసీన్. 1677 జనవరి 1న ప్రదర్శితమైన ‘ఫేద్ర్’లో రాణి సవతి కొడుకును మోహిస్తుంది, నిందపడిన ఆ యువకుడు తండ్రి శాపానికి బలవుతాడు. సముద్రం నుంచి లేచిన భూతాన్ని చూసి గుర్రాలు బెదరడం, రథం ముక్కలవడం, పగ్గాలు చుట్టుకున్న రాకుమారుణ్ని అవి ఈడ్చుకుపోవడం ఏదీ రంగం మీద కనిపించదు. అతని గురువు వచ్చి 70కి పైగా పాదాలలో వర్ణిస్తాడు. తెలుగువారికి ఇది రాజమహేంద్రవరపు చిత్రాంగి, సారంగధరుల కథే. పాత కథనాలలో సిద్ధుని మహిమతో సారంగధరునికి నరికిన కాళ్లూచేతులూ తిరిగి వస్తాయి. 19వ శతాబ్దం చివర బళ్లారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు ఆ ఊరటను తొలగించి, సంస్కృత సంప్రదాయం ఒప్పని దుఃఖాంతంతో ‘విషాద సారంగధర’ రచించారు. ఒకే ఇతివృత్తం ఫ్రాన్సులో నియమపాలనకు పరాకాష్ఠ అయితే, బళ్లారిలో నియమోల్లంఘనకు నాంది అయింది.

1680లో 14వ లూయీ పారిస్ బృందాలను కలిపి కొమెదీ ఫ్రాన్సేజ్‌ను నెలకొల్పి, ఆ నగరంలో ఫ్రెంచ్ నాటక ప్రదర్శనపై దానికి గుత్తాధికారం ఇచ్చాడు. వోల్టేర్ 18వ శతాబ్దంలో ఆ సంప్రదాయాన్ని ఎంతో శ్రద్ధతో నిలబెట్టాడు గానీ, ఆయన విషాద నాటకాలను ఇప్పుడు చదివేవారు అరుదు. నియమాల బరువుకే ఈ నాటకం కుంగిపోయిందనడం సగం నిజమే. దాన్ని మోసిన వ్యవస్థ ముక్కముక్కలుగా విడిపోవడం మిగతా సగం. 1759లో వేదిక మీది బల్లలు తొలగడంతో దృశ్యవైభవానికి చోటు దొరికింది, దిదెరో రాజులకు బదులు గృహస్థుల కష్టాలను నాటకానికి వస్తువు చేశాడు, 1791 నాటి విప్లవ చట్టం నాటకశాల పెట్టుకునే హక్కును అందరికీ ఇచ్చింది. 1830 ఫిబ్రవరి 25న హ్యూగో ‘ఎర్నానీ’లో తొలి పాదంలోని వాక్యమే విరుపును లెక్కచేయక రెండో పాదంలోకి జారేసరికి ప్రేక్షకులు రెండు వర్గాలై కలహించారు.

అయితే 1838లో 17 ఏళ్ల రాషెల్ అనే నటి కోర్నెయ్, రసీన్ పాత్రలకు మళ్లీ జనాన్ని రప్పించింది. 1855లో ఆమె న్యూయార్క్, ఫిలడెల్ఫియాలలో ఫ్రెంచ్‌లోనే ఆడినప్పుడు, భాష రాని ప్రేక్షకులు ఇంగ్లిషు అనువాద పుస్తకాలు ఒళ్లో పెట్టుకుని కథను అనుసరించారు. తెలుగు కుటుంబాలు స్థిరపడిన నేటి ప్లెయిన్స్‌బరో ఆ రెండు నగరాల నడుమనే ఉంది; దాన్ని ఆనుకుని ఉన్న ప్రిన్స్‌టన్‌లో విశ్వవిద్యాలయ విద్యార్థులు ‘లావాన్ సేన్’ అనే బృందంగా ఫ్రెంచ్ నాటకాలను ఆ భాషలోనే అభ్యసించి ప్రదర్శిస్తున్నారు.