పటంలో బుక్కపట్నం: మాధ్యమిక పరీక్షలు, భూగోళ విద్య – ఒక చారిత్రక పరిశీలన

1.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• మద్రాసు రాష్ట్ర కాలం నుండి నేటి వరకు మాధ్యమిక పరీక్షలలో వచ్చిన ముఖ్యమైన మార్పులను వివరించగలుగుతారు.
• ఒక ఊరి పరిపాలనా చిరునామా ఎందుకు, ఎప్పుడు మారిందో చెప్పగలుగుతారు.
• భూగోళాన్ని కంఠస్థం చేయడానికీ, అర్థం చేసుకోవడానికీ గల తేడాను స్థానిక ఉదాహరణలతో చర్చించగలుగుతారు.

1.1 పరిచయం

పదవ తరగతి పబ్లిక్ పరీక్షలు దగ్గర పడితే సాంఘిక శాస్త్రం చదివే విద్యార్థి చేతిలో రెండు వస్తువులు కనిపిస్తాయి. ఒకటి ప్రశ్నల గైడు, రెండోది ఖాళీ అవుట్‌లైన్ పటం. నదులు, పర్వతాలు, నగరాలు ఆ పటంలో గుర్తించాలి. సరిగ్గా గుర్తిస్తే పూర్తి మార్కులు వస్తాయి కాబట్టి ఉపాధ్యాయులు దీన్ని పదే పదే సాధన చేయిస్తారు. మీలో చాలామంది ఇలాగే చదివి ఉంటారు. కొందరికి ఆ పరీక్షే చదువుకు అడ్డుగోడ అయి ఉండవచ్చు.

ఈ పరీక్షకూ ఒక చరిత్ర ఉంది. ఆ చరిత్రను శ్రీ సత్యసాయి జిల్లాలోని బుక్కపట్నం అనే ఊరి నుండి పరిశీలిద్దాం. చిత్రావతి నది మీద పెద్ద చెరువు ఉన్న ఊరు ఇది. 1986 జాతీయ విద్యా విధానం ఫలితంగా ఏర్పడిన జిల్లా విద్యా శిక్షణ సంస్థల్లో ఒకటి ఈ ఊళ్ళోనే ఉంది. పాఠం చెప్పే వారిని తయారుచేసే ఊరు కాబట్టి మన చర్చకు ఇది తగిన చోటు.

1.2 ఇసుక మీది అక్షరాల నుండి మెట్రిక్యులేషన్ దాకా

1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో దేశీయ పాఠశాలల వివరాలు పంపమని కలెక్టర్లను ఆదేశించాడు. అప్పటి బళ్ళారి జిల్లా కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823లో నివేదిక పంపాడు. బుక్కపట్నం ప్రాంతం అప్పుడు ఆ జిల్లాలోనే ఉండేది. నివేదిక ప్రకారం జిల్లా జనాభా 9,27,857. పాఠశాలలు 533. విద్యార్థులు 6,641 మంది. అంటే వెయ్యి మందికి సుమారు ఏడుగురు. వారిలో బాలికలు 60 మంది మాత్రమే.

పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దేవారు, ఎక్కాలు వల్లించేవారు. అర్థం తెలియకుండానే వందల పద్యాలు అప్పజెప్పేవారని క్యాంప్‌బెల్ విమర్శించాడు. ఈ విమర్శను గుర్తుంచుకోండి. తరువాత వచ్చిన పరీక్షా విధానం ఈ లోపాన్ని తొలగించిందా అన్నదే మన అసలు ప్రశ్న.

1854లో వుడ్ తాఖీదు, 1857లో మద్రాసు విశ్వవిద్యాలయ స్థాపన తరువాత మెట్రిక్యులేషన్ పరీక్ష ఉన్నత విద్యకు, సర్కారు కొలువుకు ద్వారమైంది. చరిత్ర, భూగోళం అందులో పాఠ్యవిషయాలు. పరీక్ష భాష ఇంగ్లీషు. తన ఊరి చెరువును తెలుగులో ఎరిగిన పిల్లవాడు చూడని దేశాల నదుల పేర్లను తనకు రాని భాషలో నేర్చుకోవలసి వచ్చింది. కాబట్టి కంఠస్థం పోలేదు. పద్యాల స్థానంలో పేర్ల జాబితాలు వచ్చాయి, అంతే.

1.3 ఎస్.ఎస్.ఎల్.సి., మాతృభాషా మాధ్యమం

1910–11 ప్రాంతంలో మద్రాసు ప్రభుత్వం మెట్రిక్యులేషన్ స్థానంలో ఎస్.ఎస్.ఎల్.సి. విధానాన్ని ప్రవేశపెట్టింది. పబ్లిక్ పరీక్ష మార్కులతో పాటు పాఠశాలలో విద్యార్థి చూపిన ప్రగతిని కూడా ఒక పుస్తకంలో నమోదు చేయడం ఇందులోని విశేషం. ఒక్క రోజు పరీక్షతో విద్యార్థిని తూచకూడదన్న ఆలోచన దీని వెనుక ఉంది.

అంతకన్నా పెద్ద మార్పు భాష విషయంలో వచ్చింది. 1930ల చివరినాటికి ఉన్నత పాఠశాలల్లో ఇతర పాఠ్యవిషయాల బోధన మాతృభాషలోకి మళ్ళింది. నైరుతి ఋతుపవనాలు, వర్షచ్ఛాయా ప్రాంతం వంటి పారిభాషిక పదాలు తెలుగు తరగతి గదికి అలవాటయ్యాయి. పల్లెల పిల్లలకు పరీక్ష తేలిక కాలేదు గాని, ప్రశ్న అర్థమయ్యే అవకాశం మాత్రం పెరిగింది.

1.4 సాంఘిక శాస్త్రంలో భూగోళం

స్వాతంత్ర్యానంతరం 1952–53 నాటి మొదలియార్ కమిషన్ చరిత్ర, భూగోళం, పౌరశాస్త్రం వంటి వాటిని సాంఘిక శాస్త్రంగా సమన్వయించి బోధించాలని సూచించింది. ఆంధ్రప్రదేశ్‌లో భూగోళం పదవ తరగతి సాంఘిక శాస్త్రంలో భాగంగానే కొనసాగుతున్నది. 2010ల రెండో అర్ధభాగంలో కొన్నేళ్ళపాటు నిరంతర సమగ్ర మూల్యాంకనం పేరుతో 20 మార్కులను పాఠశాల అంతర్గత మూల్యాంకనానికి కేటాయించారు. ఎస్.ఎస్.ఎల్.సి. పుస్తకం వెనుక ఉన్న ఆలోచనే మరో రూపంలో తిరిగి వచ్చిందన్నమాట. కోవిడ్ కారణంగా 2020, 2021 సంవత్సరాల్లో పదవ తరగతి పరీక్షలు రద్దయ్యాయి. పరీక్ష జరగకపోయినా విద్యార్థులను ఉత్తీర్ణులుగా ప్రకటించారు. పరీక్ష లేకపోతే చదువును ఎలా కొలవాలన్న పాత ప్రశ్న అప్పుడు ప్రతి ఇంటి ముందుకూ వచ్చింది.

1.5 మారిన పటం: బుక్కపట్నం చిరునామా

“బుక్కపట్నం ఏ జిల్లాలో ఉంది?” ఇది ఒక మార్కు ప్రశ్న. సమాధానం మాత్రం పరీక్ష రాసిన సంవత్సరాన్ని బట్టి మారుతుంది.

• 1800: నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి ఇచ్చివేశాడు. దత్త మండలాలు ఏర్పడ్డాయి.
• 1808: దత్త మండలాలను బళ్ళారి, కడప జిల్లాలుగా విభజించారు. ఈ ప్రాంతం బళ్ళారి జిల్లాలోకి వచ్చింది.
• 1882: బళ్ళారి నుండి అనంతపురం జిల్లాను వేరు చేశారు.
• 1953: ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. బళ్ళారి మైసూరుకు పోయింది, రాయదుర్గం అనంతపురంలో చేరింది.
• 1956: ఆంధ్రప్రదేశ్ అవతరించింది.
• 2014: తెలంగాణ వేరు రాష్ట్రమైంది.
• 2022 ఏప్రిల్ 4: పుట్టపర్తి కేంద్రంగా శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడింది.

తాత, తండ్రి “అనంతపురం” అని రాసి మార్కు తెచ్చుకున్న చోట మనవడు అదే రాస్తే మార్కు పోతుంది. ముగ్గురూ చూసింది ఒకే ఊరు, ఒకే చెరువు. నేల కదలలేదు, గీత కదిలింది. పటంలోని నదిని ప్రకృతి గీస్తుంది, సరిహద్దును ప్రభుత్వం గీస్తుంది. మొదటిది భూగోళ ప్రశ్న, రెండోది చరిత్ర ప్రశ్న. అందువల్ల సరిహద్దును తేదీ లేకుండా చదవడం అసంపూర్ణ పఠనమే.

1.6 చెరువు గట్టు మీద పునశ్చరణ

రాయలసీమలో వర్షాలు ఎందుకు తక్కువ? గైడులో సమాధానం ఒక్క వాక్యం: వర్షచ్ఛాయా ప్రాంతం కాబట్టి. వివరంగా చూస్తే, నైరుతి ఋతుపవనాలు పశ్చిమ కనుమలు దాటేసరికి తేమలో ఎక్కువ భాగాన్ని కోల్పోతాయి. ఈశాన్య ఋతుపవనాల, తుపానుల ప్రభావం తీరం నుండి లోపలికి వచ్చేకొద్దీ తగ్గుతుంది. అందుకే పూర్వపు అనంతపురం జిల్లా సాధారణ వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే.

ఈ కారణం తెలిస్తే చెరువు అవసరం దానంతట అదే తెలుస్తుంది. కర్ణాటకలోని నందికొండల ప్రాంతంలో పుట్టిన చిత్రావతి బుక్కపట్నం, ధర్మవరం మీదుగా సాగి పెన్నలో కలుస్తుంది. ఏడాదిలో కొద్ది రోజులే పారే ఇలాంటి నీటిని నిలబెట్టుకోవడానికి విజయనగర కాలంలో చెరువులు విస్తారంగా తవ్వించారు. బుక్కపట్నం చెరువు ఆ సంప్రదాయానికి చెందినదే.

ఆనాటి వారి భూగోళ జ్ఞానానికి కడప జిల్లాలోని పోరుమామిళ్ళ శాసనం సాక్ష్యం. మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు 1369లో వేయించిన ఈ శాసనం మంచి చెరువుకు 12 అంగాలు, 6 దోషాలు చెబుతుంది. కట్ట నుండి నీరు ఊరడం, చవుడు నేల, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం, చెరువు మధ్య మెరక, నీరు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, ఆయకట్టు తక్కువై నీరు ఎక్కువ కావడం – ఇవీ ఆ దోషాలు. రెండు రాజ్యాల మధ్య చెరువు వద్దన్న మాట నేటి నదీ జలాల వివాదాలు చూసిన మనకు కొత్త కాదు.

కంఠస్థం వల్ల ఉపయోగం లేదని దీని అర్థం కాదు. నదుల పేర్లు, తేదీలు జ్ఞాపకం ఉండాల్సిందే. అయితే కారణంతో ముడిపడిన పేరు ఎక్కువ కాలం నిలుస్తుంది. పటం సాధన చేసేటప్పుడు ముందుగా కనుమలు, ఆ తరువాత నదులు, నదుల వెంట ఊళ్ళు, చివరగా సరిహద్దులు గీసి చూడండి. ప్రతి సరిహద్దు పక్కన సంవత్సరం రాయండి.

1.7 సారాంశం

రెండు వందల ఏళ్ళలో పరీక్ష పేరు, భాష, మార్కుల పద్ధతి మారాయి. కంఠస్థం చేయించే అలవాటు మాత్రం ప్రతి మార్పును దాటుకొని వచ్చింది. మాతృభాషా మాధ్యమం, పాఠశాల స్థాయి మూల్యాంకనం, సమన్వయ బోధన ఆ అలవాటును సడలించడానికి జరిగిన ప్రయత్నాలు. విద్యార్థి తన ఊరి నేలనూ నీటినీ పాఠంతో కలుపుకొన్నప్పుడే అవి ఫలిస్తాయి. 1982లో మన రాష్ట్రంలో సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు, మధ్యలో చదువు ఆగిన వారికీ అర్హత పరీక్ష ద్వారా ప్రవేశం లభించింది. ఒక పరీక్షలో తప్పినంత మాత్రాన చదువు ముగియదని ఆ నిర్ణయం అంగీకరించింది. మీ చేతిలోని ఈ పుస్తకం దాని ఫలమే.

1.8 మీ ప్రగతిని పరీక్షించుకోండి

I. ఐదు వాక్యాలలో సమాధానాలు రాయండి.
1. 1823 నాటి బళ్ళారి నివేదిక దేశీయ విద్య గురించి ఏమి తెలుపుతుంది?
2. ఎస్.ఎస్.ఎల్.సి. విధానంలోని విశేషం ఏమిటి?

II. ఇరవై వాక్యాలలో సమాధానాలు రాయండి.
1. “సరిహద్దును తేదీ లేకుండా చదవడం అసంపూర్ణ పఠనం.” బుక్కపట్నం ఉదాహరణతో చర్చించండి.
2. పోరుమామిళ్ళ శాసనంలోని ఆరు దోషాలను పేర్కొని, మీ ఊరి చెరువుకు అవి ఎంతవరకు వర్తిస్తాయో పరిశీలించండి.

III. కృత్యం: మీ ఇంట్లో మూడు తరాల వారు పాఠశాలలో నేర్చుకున్న జిల్లా, రాష్ట్రం పేర్లను అడిగి తెలుసుకొని, సంవత్సరాలతో సహా ఒక పట్టిక తయారుచేయండి.