మాటలో మన్నన

“నోరు మంచిదైతే ఊరు మంచిది” అన్నారు పెద్దలు. మరి మంచి నోరంటే ఏమిటి?

ఉర్దూలో ‘ఆప్’, ‘తుమ్’, ‘తూ’ అని మూడు మెట్లున్నవి. తెలుగులో ‘మీరు’, ‘నువ్వు’ రెండే. మా బడిపిల్లలు “ఆప్ బైఠియే” అన్న నోటితోనే “సార్, నువ్వు కూర్చో” అంటారు. కోస్తా నుండి వచ్చినవారికిది మోటుగా తోచును. కాని మన దిక్కు తాతనైనా ‘నువ్వు’ అనే పిలుస్తాము. అది చనువే గాని అగౌరవం కాదు. దువాలో అల్లాహ్‌ను సైతం ‘తూ’ అనియే వేడుకుంటాము గదా!

నిజాం కాలమున మన పల్లెల్లో రైతు చెప్పులు విడిచి, “నీ బాంచన్ దొరా, కాల్మొక్త” అనేవాడు. బాంచన్ అంటే బానిస. దొర మాత్రం తాత వయసువానిని కూడా ‘ఏందిరా’ అనేవాడు. అంత వినయపు మాటలోనూ ఉన్నది ‘నీ’యే, ‘మీ’ కాదు. అది మర్యాద కాదు, భయం. దాని వెనుక వెట్టిచాకిరి ఉన్నది.

జనగామ తాలూకా కామారెడ్డిగూడెంలో షేక్ బందగీ అనే పేద రైతు ఉండెను. ఉర్దూలో బందగీ అంటే దాస్యమనీ అర్థం, దైవారాధన అనీ అర్థం. ఆ పేరుగలవాడే విసునూరు దేశ్‌ముఖ్‌కు తలవంచక, తన భూమికై కచేరీలో కొట్లాడినాడు. 1940లో దొర మనుషులు ఆయనను చంపినారు. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగెను. ఊరూరా ‘సంఘం’ లేచింది. దొరను ‘నీ బాంచన్’ అన్న నోళ్ళే ఎదురు ప్రశ్న వేయసాగినవి. 1949లో జాగీర్లు రద్దయినవి.

దొరలు పోయినా ‘ఏందిరా’ పోయిందా? ఒకనాడు డోర్నకల్ జంక్షనులో తొందరలో ఒక ముసలి హమాలీని “అరే, ఇధర్ ఆ” అని కేకవేసితిని. ఆయన పెట్టె దించి, “చెప్పు బిడ్డా” అన్నాడు. నేను బడిలో ‘ఆప్’ నేర్పే పంతులును! సిగ్గుతో తల వాలిపోయింది.

‘ఆప్’ అన్నా ‘నువ్వు’ అన్నా సరే, ఎదుటివాడు మనకు సమానుడన్న తలంపు ఉండవలె. మన పిల్లలకు ముందుగా నేర్పవలసినది ఇదే. అంతకన్న ముందు మనము నేర్వవలె.